ఐదో రీలులో కోసిన ముక్క

ఐదు నిమిషాలు మాట్లాడతానని చెప్పి ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాడు మా అన్నయ్య. ఇంటర్వెల్లో, తెర ముందు నిలబడి, రెండు చేతులూ కడుపు మీద కట్టుకుని, నేనేదో పాపం గొంతు పెగలక చెబుతున్నాను అన్నట్టు మొదలుపెట్టి, ఒక్కసారి పెగిలాక ఇక ఆపితేనా. కన్నతండ్రి మీదైనా సరే సత్యమే చెప్పినవాణ్ణని తన గురించి తనే చెప్పుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. ప్రొజెక్టర్ గదిలో రెండు యంత్రాల మధ్య నిలబడి, అద్దం బిగించిన ఈ చిన్న కిటికీలోంచి వాడి బట్టతల మీద పడుతున్న వెలుతురు చూస్తూ, నేను గోడ గడియారం చూసుకుంటున్నాను, ఎందుకంటే నా లెక్కంతా ఆ గడియారం మీదే ఉంది. మూడుంబావుకి నాలుగో రీలు మొదలవ్వాలి, మూడూ ముప్పై అయిదుకి ఐదో రీలు, అందులో ఏడు నిమిషాలు గడిచాక ఆ ముక్క రావాలి. అంటే మూడూ నలభై రెండు. అప్పటికి వాడు మొదటి వరసలో మధ్య కుర్చీలో కూర్చుని ఉంటాడు. నాలుగింటికి ప్రార్థన మందిరంలో గంట కొట్టాలి కాబట్టి మూడూ యాభై అయిదుకి లేస్తాడు. పదమూడు నిమిషాల తేడా. వారం రోజులు లెక్క వేసుకుని పెట్టుకున్న పదమూడు నిమిషాలు వాడి ఉపన్యాసం మింగేసింది.

ఇప్పుడు మూడూ నలభై. నాలుగో రీలు నడుస్తోంది. తెర మీద గడియారాలు బాగుచేసేవాడు వానలో నిలబడి ఉన్నాడు. ఈ సినిమా నాకు కంఠతా వచ్చు. నలుపు తెలుపు సినిమా, మా నాన్న కాలం నుంచీ ఈ హాల్లోనే పడి ఉన్న ప్రింటు. గడియారాలవాడు పరమ భక్తుడు. ఒక రాత్రి ఒక ఇంట్లో హత్య జరుగుతుంది, ఆ ఇంట్లోంచి తన సొంత తమ్ముడు బయటికి రావడం చూస్తాడు. పోలీసులు మాత్రం దీపాలమ్ముకునే అమాయకుణ్ణి పట్టుకుంటారు. చూసింది గడియారాలవాడొక్కడే. కోర్టులో వాడి చెయ్యి పవిత్ర గ్రంథం మీద పెట్టిస్తారు. చెయ్యి పుస్తకం మీద ఆనుతుంది. అంతే, అక్కడ చిన్న కుదుపు, వెంటనే మందిరంలో మోకాళ్ళ మీద ఏడుస్తూ ఉంటాడు, ఆ వెంటనే తమ్ముడి చేతులకి బేడీలు. ఆహా, తమ్ముడని కూడా చూడకుండా నిజం చెప్పాడు మహానుభావుడు, అని ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ఊరి జనం కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోతున్నారు. మా అన్నయ్యకి ఇష్టమైన సినిమా ఇదే. వచ్చే వారం మందిరానికి పెద్దని చేసి వాణ్ణి పెద్ద కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఆ సందర్భంగా మందిరం వాళ్ళందరికీ ఈ సినిమా చూపించాలని వాడే అడిగాడు. ఆట మొదలయ్యే ముందు మెట్లెక్కి ఈ గదిలోకొచ్చాడు, ఆయాసపడుతూ.

"చెల్లాయ్, ప్రింటు బాగుందా? మధ్యలో తెగదు కదా?"

"తెగదు. తెగినచోట అతికించాను."

"నువ్వూ ఒకసారి మందిరానికి రారాదూ? నీ కోసం రోజూ అడుగుతున్నాను దేవుణ్ణి."

"నా కోసమా? ఏమని అడుగుతున్నావు?"

"మనసు చల్లబడాలని. పాతవన్నీ ఎందుకమ్మా మోస్తావు? ఆయన నన్ను ఎప్పుడో క్షమించాడు."

క్షమించాడట. ఎవర్నడిగి క్షమించాడు? నన్నడిగాడా? నాన్ననడిగాడా? మూడో వరసలో చివర కూర్చున్న మా వీధి దర్జీ బాబాయ్‌ని అడిగాడా? అన్నయ్యకీ దేవుడికీ మధ్య ఆ ఒప్పందం ఎప్పుడు కుదిరిందో, సాక్షులెవరో, నాకైతే ఎవరూ కబురు పెట్టలేదు. ఈ మాటలన్నీ నాలిక చివరికి వచ్చాయి. రావడం ఎప్పుడూ వస్తాయి. నేను మాత్రం, "సరే అన్నయ్యా, మెట్లు జాగ్రత్త," అన్నాను. మెట్లు జాగ్రత్తట! నా మొహానికి నేనే ఉమ్ముకోవాలనిపించింది.

కోర్టు సీను దగ్గర ఆ కుదుపు ఎందుకొస్తుందో ఈ ఊళ్ళో ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. అక్కడ రెండు నిమిషాల ముక్క లేదు. ఈ సినిమా మొదటిసారి వచ్చినప్పుడు మందిరం పెద్దలు వచ్చి నాన్న నెత్తిన కూర్చున్నారు. భక్తుడు గ్రంథం మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పడమేమిటి, తీసెయ్, లేకపోతే హాలు ముందు కూర్చుంటాం అన్నారు. యజమాని గజగజ వణికాడు. నాన్న కత్తెర తీసి కోశాడు. కోసిన ముక్కని మాత్రం పారెయ్యలేదు, చుట్టచుట్టి, రీలు నంబరు రాసి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. కోసిందేదీ పారెయ్యకూడదే, ప్రింటు మనది కాదు, అనేవాడు. ఆ డబ్బా పోయిన వారం ఈ గదిలోనే బల్ల కింద పాత గుడ్డల అడుగున దొరికింది. ముక్కని వెలుతురు బల్ల మీద పెట్టి భూతద్దంతో ఒక్కొక్క బొమ్మా చూశాను. గడియారాలవాడి చెయ్యి పుస్తకం మీద ఉంది. నోరు తెరిచాడు. వేలు చాపి దీపాలవాణ్ణి చూపించాడు. ఆ తర్వాత చెయ్యి తీసేస్తే పుస్తకం అట్ట మీద అరచేతి చెమట తడి, అయిదు వేళ్ళూ కనిపించేలా. ఎంతసేపు చూపించాడో ఆ తడిని, సినిమా తీసినవాడు! ఆరిపోయేదాకా. అంటే ఆ తర్వాత మందిరంలో ఏడ్చింది తమ్ముడు పోతున్నాడని కాదు. అంటే ఆ తమ్ముడు బేడీలు వేయించుకుంది తనంతట తనే వెళ్ళి. రెండు నిమిషాలు తీసేస్తే అబద్ధాలకోరు కాస్తా మహాత్ముడైపోయాడు. నేను కూర్చుని ఆ ముక్కని దాని చోట అతికించాను.

మూడూ నలభై ఎనిమిది. ఐదో రీలు రెండో యంత్రం మీద ఎక్కించి పెట్టాను. రీలు ఆఖర్లో తెర పైన కుడి మూలన ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో యంత్రం తిప్పాలి. రెండో చుక్క మెరవగానే వెలుతురు మార్చాలి. మధ్యలో ఎనిమిది క్షణాలు. హాల్లో వెయ్యి కళ్ళున్నా ఆ చుక్క ఎవరికీ కనపడదు, ఆపరేటర్‌కి తప్ప. నాకు తొమ్మిదేళ్ళప్పుడే కనపడింది. "నాన్నా, చుక్క!" అని అరిచాను, నాన్న నన్ను ఎత్తుకుని నవ్వాడు. నేను ఈ ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ఒక్క చుక్క తప్పలేదు. చుక్కలు తప్పలేదు సరే. మిగతావన్నీ తప్పాను.

అద్దం పక్కన గోడకి మేకు ఉంది. దానికి హాలు పక్క తలుపు తాళం చెవి వేలాడుతోంది. ముప్పై మూడేళ్ళ క్రితమూ అక్కడే వేలాడేది. ఆట నడుస్తుండగా పక్క తలుపుకి తాళం వెయ్యకూడదు, అందుకే చెవి ఆపరేటర్ గదిలో ఉండాలి, అది నాన్న పెట్టిన నియమం. అన్నయ్య అప్పుడు ఈ హాల్లో గేట్ కీపరు, మందిరంలో గంట కొట్టేవాడు కూడాను. పద్దెనిమిదేళ్ళు. నాకు పద్నాలుగు, ఇక్కడే స్టూలు మీద కూర్చుని రీళ్ళు వెనక్కి చుట్టేదాన్ని. ఆ రోజూ మ్యాట్నీయే. నాలుగింటికి గంట కొట్టాలి, తను వెళితే పక్క తలుపులోంచి టికెట్ లేనివాళ్ళు దూరుతారు, యజమాని తిడతాడు. నాన్న అటు తిరిగి యంత్రానికి ఫిల్ము ఎక్కిస్తున్నాడు. అన్నయ్య పిల్లిలా వచ్చి మేకు మీది చెవి తీసుకున్నాడు, నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టి కన్ను గీటాడు. నేను నవ్వాను. అదే నేను చేసింది. నవ్వి, మళ్ళీ రీలు చుట్టుకున్నాను.

తర్వాత ఫిల్ము ఇరుక్కుంది. పాతరకం ఫిల్ము, ఇరుక్కుంటే వేడికి భగ్గుమంటుంది. నాన్న తడి గోనె కప్పి చేతులతో నొక్కి మూడు నిమిషాల్లో ఆర్పేశాడు, అరచేతులు కాలిపోయాయి, కానీ మంట ఈ గది దాటలేదు. పొగ దాటింది. కింద జనం పొగ చూసి పక్క తలుపు మీద పడ్డారు. అది తాళం. వాళ్ళు తలుపు గుద్దుతున్న చప్పుడూ అవతల మందిరం గంటా రెండూ కలిసి వినపడుతున్నాయి నాకు, ఇక్కడ ఈ అద్దం దగ్గర నిలబడి దగ్గుతూ ఉంటే. గంట కొట్టేవాడికి గుద్దుడు వినపడలేదు. అది నిజమే, వాణ్ణి అందుకు నేనేం అనను. తాళం వెయ్యడం పొరపాటు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పొరపాటు. ఆ జనంలో నలిగిపోయి దర్జీ బాబాయ్ భార్య మళ్ళీ లేవలేదు. వాడు పరుగెత్తుకొచ్చి ఆ గందరగోళంలో తాళం తీసి, ఎవరూ చూడకుండా ఈ గదిలోకొచ్చి, పొగలో తడుముకుంటూ చెవిని మళ్ళీ ఇదే మేకుకి తగిలించాడు. ఎవరూ చూడకుండా అంటే, నేను తప్ప.

విచారణ ఈ హాల్లోనే పెట్టారు, తెర కింద బల్ల వేసి. నాన్న చేతులకి కట్లు. గ్రంథం తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన దాని మీద చెయ్యి పెట్టనన్నాడు. ఆయన మందిరానికి ఎప్పుడూ వెళ్ళేవాడు కాదు, వెళ్ళేవాళ్ళని ఏమీ అనేవాడూ కాదు. "నిజం చెప్పడానికి పుస్తకం ఎందుకండీ? నోరు చాలదా?" అన్నాడు. తాళం తను వెయ్యలేదన్నాడు. మరెవరు వేశారని అడిగితే తల దించుకున్నాడు. ఆయనకి తెలుసు. ఖాళీ మేకు చూసే ఉంటాడు, పెంచిన చేతులకి పిల్లాడి సంగతి తెలియకపోవడమేమిటి! అప్పుడు అన్నయ్యని పిలిచారు. వాడు వచ్చి, కళ్ళు మూసుకుని, పుస్తకం మీద చెయ్యి పెట్టి, నాన్నే వెయ్యమంటే వేశాను, వేసి చెవి తెచ్చి ఆయనకే ఇచ్చాను, అన్నాడు. చెవి మేకు మీదే ఉంది కదా మరి. దేవుడంటే భయం లేనివాడి మాటా, దేవుడి మీద ప్రమాణం చేసినవాడి మాటా! ఎవర్ని నమ్ముతారు? క్షణం పట్టలేదు తేల్చడానికి. నాన్న నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను నేల వైపు చూశాను. అమ్మ ముందు రోజే నా చెయ్యి నలిపేస్తూ చెప్పింది, "నోరెత్తావంటే నా శవాన్ని చూస్తావు. మీ నాన్న బతుకు ఎలాగూ అయిపోయింది, వాడి బతుకు ముందుంది." అమ్మ మాట విన్నానని చెప్పుకుంటాను నాకు నేను. ఎంత బుద్ధిమంతురాల్నో! ఆ తర్వాత ఆరేళ్ళు నాన్న వీధి మొదట్లో కూర్చుని గొడుగులు బాగుచేశాడు, కాలిన చేతులతో, అటుగా వెళ్ళేవాళ్ళు మొహం తిప్పుకుంటుంటే. దర్జీ బాబాయ్ వీధి మొత్తానికి కుట్టేవాడు, మా ఇంటి గుడ్డ మాత్రం ముట్టనన్నాడు. ఈనాటికీ ముట్టడు. నాన్న పోయిన రోజున కూడా తలుపు తియ్యలేదు.

చుక్క. రెండో యంత్రం తిప్పాను. రెండో చుక్క. వెలుతురు మార్చాను. ఐదో రీలు. మూడూ యాభై అయిదు. మొదటి వరసలో బట్టతల కదిలింది. కూర్చోరా, అన్నాను పైకే, పళ్ళు కొరుకుతూ. కూర్చో, ఈ ఒక్కరోజూ కూర్చో, ఒక్కరోజు ఆ గంట ఇంకెవరైనా కొడితే నీ దేవుడికి చెవుడు రాదు. లేచాడు. పక్కవాళ్ళకి దణ్ణం పెట్టి, వినయంగా వంగి, తెరకి అడ్డం రాకుండా వంగి నడిచాడు, ఎంత మర్యాద! ముప్పై మూడేళ్ళలో ఒక్క రోజు కూడా గంట మానలేదని ఊరంతా చెప్పుకుంటుంది వాడి గురించి. దర్జీ బాబాయ్ పక్కనుంచే వెళ్ళాడు. ఆ ముసలాయన కాళ్ళు పక్కకి తీసుకుని దారిచ్చాడు, పైగా దణ్ణం పెట్టాడు, తండ్రి అని కూడా చూడకుండా నిజం చెప్పిన మనిషికి. పక్క తలుపు తెరుచుకుంది, ఎండ చీలికలా లోపలికి వచ్చింది, మళ్ళీ మూసుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న ఖాళీ రీలుని గోడకేసి కొట్టాను, అది గిర్రున తిరిగి స్టూలు కింద పడింది. వారం రోజుల ప్లాను. ఎవరి కోసం అతికించాను? వాడి కోసం. వాడు మొహం చూసుకోవాలని. పుస్తకం మీద ఆ చెమట తడి చూసి వాడికి తన చెయ్యి గుర్తు రావాలని, కుర్చీలో ముడుచుకుపోవాలని, నేను ఈ చీకటి గదిలో హాయిగా నిలబడి అద్దంలోంచి చూడాలని. తెర మీద గడియారాలవాడు కోర్టు మెట్లెక్కుతున్నాడు. నాలుగైంది. మందిరం గంట మొదలైంది. అదే గంట, అదే చెయ్యి. పుస్తకం తెచ్చారు. చెయ్యి ఆనింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా కుదుపు వచ్చేచోట ఈసారి కుదుపు రాలేదు. నోరు తెరిచాడు. వేలు చాపాడు. కింద ఎవరో "అయ్యో!" అన్నారు. ఇంకెవరో "ఇదేంటి, ఇలా లేదే ఇది!" అన్నారు. హాలంతా గుసగుస, కుర్చీల కిర్రు. పుస్తకం అట్ట మీద అయిదు వేళ్ళ తడి. అది ఆరుతుంటే గంట మోగుతూనే ఉంది.

చూడాల్సినవాడు చూడలేదు. నేను చూశాను. భూతద్దంలో ఇంతింత చూసినప్పుడు వాడి చెయ్యే అనుకున్నాను. తెరంత పెద్దదై ఎదురుగా నిలబడితే తెలిసింది, పుస్తకం ముట్టుకోకుండా చెప్పిన అబద్ధం నాది. కన్ను గీటితే నవ్వినదాన్ని నేను. నాన్న చూస్తే నేల చూసినదాన్ని నేను. ఇప్పుడు కూడా చూడు, నోరు పెట్టుకుని ఒక సినిమా ముక్కని మాట్లాడమని పంపించాను నా బదులు. దానికి వారం రోజుల ముస్తాబు! ఏం మనిషినే నువ్వు? వాడైనా రోజూ దేవుడితో ఏదో ఒకటి వాగుతాడు, నేను ఈ యంత్రాల హోరులో నోరు మూసుకుని దానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను. వచ్చే వారం వాడు పెద్ద కుర్చీలో కూర్చుంటే, వీధిలో నాన్నని తలుచుకునే ప్రతివాడూ ఆ పొరపాటు చేసిన ఆపరేటరనే తలుచుకుంటాడు, చచ్చేదాకా, వాళ్ళ పిల్లలు కూడా. చాలు. నాకు మహా కోపం వచ్చింది, ఈసారి ఎవరి మీదో తెలిసి వచ్చింది.

మేకు మీది తాళం చెవి తీశాను. రీలు ఇంకా పది నిమిషాల పైనే ఉంది. ఆరో రీలు మొదటి యంత్రం మీద ఎక్కించలేదు, అది డబ్బాలోనే ఉంది, ఉండనీ. మెట్లు దిగాను. ఆట నడుస్తుండగా ఆపరేటర్ హాల్లోకి రావడం నాన్న ఒప్పుకునేవాడు కాదు. చీకట్లో తడుముకుంటూ మూడో వరస చివరికి వెళ్ళాను. దర్జీ బాబాయ్ ఎప్పుడూ పక్క తలుపు దగ్గరే కూర్చుంటాడు, పక్క కుర్చీలో తన సంచి పెట్టి ఉంచుతాడు, హాలు నిండిపోయినా దాన్ని తియ్యడు. ఎవరూ తియ్యమని అడగరు కూడా. నేను ఆయన కుర్చీ పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"బాబాయ్," అన్నాను. ముప్పై మూడేళ్ళ తర్వాత ఆ పిలుపు నా నోటికే కొత్తగా ఉంది. "ఆ రోజు తాళం నాన్న వెయ్యలేదు. వెయ్యమనలేదు. అన్నయ్యే వేశాడు, గంట కొట్టడానికి వెళుతూ. చెవి నా ముందే తీసుకెళ్ళాడు, తెచ్చి నా ముందే పెట్టాడు. నేను చూశాను. చూసి చెప్పలేదు."

 తెర వెలుతురు ఆయన కళ్ళద్దాల మీద పాకుతోంది. అప్పుడు నా వైపు తిరిగాడు. 

"ఒట్టేసి చెప్పు."

"వెయ్యను," అన్నాను. "వేసినవాణ్ణి నమ్మావుగా. నేను మా నాన్న కూతుర్ని. నోటితోనే చెబుతున్నాను."

తాళం చెవి ఆయన చేతిలో పెట్టాను. కుట్టి కుట్టి గట్టిపడిన వేళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పి, పళ్ళు తడిమి, గుప్పిట మూశాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన భుజాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి. తెర మీద గడియారాలవాడు మోకాళ్ళ మీద ఏడుస్తున్నాడు, ఆ తర్వాత వాడి తమ్ముడి చేతులకి బేడీలు పడ్డాయి. ఆ గుప్పిట విప్పకముందే రీలు చివరికొచ్చి కుడి మూలన చుక్క మెరిసింది. మళ్ళీ మెరిసింది. రీలు అయిపోయింది, ఖాళీ వెలుతురు పడి తెరంతా తెల్లబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. వెనక నుంచి ఈలలు, "ఆపరేటర్! ఏయ్ ఆపరేటర్!" అని కేకలు. దర్జీ బాబాయ్ పక్క కుర్చీలోంచి సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు.

కూర్చున్నాను. అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. గంట కొట్టి, ప్రార్థన ముగించుకుని అన్నయ్య లోపలికి వచ్చాడు. తెల్లటి తెర చూసి, కళ్ళు చికిలించి, ఆ కుర్చీలో నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏంటి చెల్లాయ్, ఇక్కడున్నావేం? ఏమైంది?"

దర్జీ బాబాయ్ లేచి నిలబడ్డాడు, తాళం చెవి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని.

"ఇలా రా నాయనా," అన్నాడు. "ఈసారి పుస్తకం వద్దు. నోటితో చెప్పు."

ఈలలు ఆగిపోయాయి. అందరూ ఇటు తిరిగి చూస్తున్నారు. అన్నయ్య ఇంకా తలుపు పట్టుకునే నిలబడ్డాడు.